బుద్ధికి అందే దేవుడు

బిషప్ గారి కారు మా సెమినరీ గేటు దాటి లోపలికి వచ్చేసింది. ఇక నేను సువార్త మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి: లోకాన్ని చూసి, కేవలం తన బుద్ధితోనే, దేవుడున్నాడని మనిషి నిశ్చయంగా తెలుసుకోగలడని. ఆ ఒట్టు లేకుండా బ్రబాంట్‌లో ఎవడికీ గురుపట్టం లేదు, ఫాదర్ అయ్యే యోగం లేదు.

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. బుద్ధితో మాత్రం ఎన్నడూ ఆయన దాకా పోలేకపోయాను. చదివిన ప్రతి నిరూపణా చివర్లో చేతిలోంచి జారిపోయేది.

ఆ మాటే సెమినరీ పెద్ద, రెక్టర్ ఫాదర్ ఫెర్‌హాగెన్‌కి చెప్పాను. ఆయన కాఫీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"నిన్నెవడు నిరూపించమన్నాడయ్యా వౌటర్? నిరూపించవచ్చని ఒప్పుకో, చాలు."

"నిరూపించవచ్చని నాకెలా తెలుస్తుంది, ఫాదర్?"

"మన కాథలిక్ తిరుసభ చెప్పింది కాబట్టి."

"అంటే, ఎవరి మాటా నమ్మకుండానే తెలుస్తుందన్న సంగతిని మీ మాట నమ్మి ఒప్పుకోవాలా?"

బిస్కెట్ విరిగి కప్పులో పడింది. ఆయన మొహంలో కనిపించిన బాధంతా దాని గురించే. "నీకు తెలివి ఎక్కువైంది. పో, తెల్లంగీ తొడుక్కో."

సందర్శకుల గదిలో మా మేనమామ సీబ్రాండ్ కాచుక్కూర్చున్నాడు. ఆయన ప్రొటెస్టంట్ పాస్టర్. మా అమ్మ పెళ్లి కోసం కాథలిక్ అయినందుకు ఇప్పటికీ పళ్లు నూరుతున్నవాడు. తమాషా చూద్దామని ఫ్రీస్‌లాండ్ నుంచి రైలెక్కి వచ్చాడు.

"ఏరా అల్లుడూ, లెక్కలు కట్టి దేవుణ్ణి పట్టేశారా? ఆదాము పాపంతోపాటే మన బుద్ధీ చెడిందిరా. దేవుడు తానుగా చెప్పుకుంటే తప్ప తెలియడు. మా వైపు వచ్చెయ్."

"బుద్ధి చెడిందని ఎలా తెలిసింది మామయ్యా?"

"చెబుతా విను," అని వేళ్లు మడిచి వకీలులా కారణం మీద కారణం చెప్పాడు. చెడిన బుద్ధి భలే పనిచేస్తోంది!

"మరి నీ బుద్ధొక్కటీ ఆదాము పాపానికి దొరక్కుండా దాక్కుందా?"

"పొగరు! అచ్చం మీ అమ్మే!"

గుడిలో బిషప్ గారి ఎదుట నాకంటే ముందువాళ్లు ఒట్టుని గడగడా అప్పజెప్పేశారు. నా వంతు వచ్చింది. పుస్తకం మీద చెయ్యి పెట్టి, తీసేశాను.

"దేవుణ్ణి నమ్ముతాను, ప్రభువుల వారూ. నా బుద్ధికి అందుతాడని మాత్రం ఒట్టు వేయలేను."

రెక్టర్ నా అంగీ పట్టుకుని పక్కకి లాగేశాడు. గేటు దగ్గర మామయ్య చేతులు చాచాడు. "శభాష్! ఇక మావాడివి!"

"నీ పాఠమూ ఒప్పుకోలేదుగా. దారి వదులు."

బస్సు ఎక్కాక ఏడ్చాను. గురువునవ్వాలన్నది నా చిన్నప్పటి కోరిక. అది ఇక తీరదు. ఆ ఇద్దరిలో ఒక్కడికీ ఆ ఊసే తట్టలేదు.