ఇస్క్ర ఛాతీలో కుడివైపు

గదిలోకి అడుగు పెట్టగానే బాతు కొవ్వు, వెల్లుల్లి, ప్లమ్ సారా కలగలిసిన వాసన ముఖానికి కొట్టింది. నడివేసవిలో కిటికీలన్నీ బిగించి, రెండేళ్ల ఇస్క్రను ఉన్ని శాలువాలో చుట్టి కూర్చోబెట్టారు. ఛాతీ నిండా మందుగా పూసిన ఆ కొవ్వు జిడ్డు. వారాల తరబడి ఆగని దగ్గు. నాకంటే ముందు చూసిన వైద్యుడు పిల్ల చొక్కా కూడా విప్పించకుండా, గొంతులోకి తొంగిచూసి, ఒక యాంటీబయాటిక్ తర్వాత మరొకటి రాశాడు. ఆయన మెడలోని స్టెతస్కోపు అలంకారం కాబోలు.

"గాలి దెబ్బ, డాక్టరమ్మా," అంది నానమ్మ రదోయ్‌క. "దగ్గు మొదలైన రోజు నా కోడలు తలుపూ కిటికీ రెండూ బార్లా తెరిచింది. చల్లగాలి కావాలట మహారాణికి."

"ఉడికిపోతున్నాం కదా అత్తయ్యా," అంది బిసెర్క నేల చూస్తూ.

జిడ్డు తుడిచి విన్నాను. ఎడమవైపు ఊపిరి స్పష్టంగా ఉంది. కుడివైపు అడుగున దాదాపు నిశ్శబ్దం, మధ్యమధ్య సన్నని ఈల. జలుబు ఇలా ఒక్క పక్కనే పట్టుకుని కూర్చోదు.

"దగ్గు మొదలైనప్పుడు పిల్ల ఏం చేస్తోంది?"

"నా ఒళ్లో కూర్చుని సీరియల్ చూస్తూ నవ్వుతోంది. ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై నీలంగా మారింది. కాసేపటికి సర్దుకుంది. గాలి దెబ్బంటే అంతే మరి."

"అప్పుడు నోట్లో ఏముంది?"

రదోయ్‌క ఏప్రాన్ జేబులోంచి పొద్దుతిరుగుడు గింజ తీసి, పంటికింద చిట్లించి, పొట్టును అరచేతిలోకి ఉమ్మి, తడిసిన పప్పును వేలికొన మీద నాకు చూపించింది.

"ఇలా ఒలిచి పెడతాను. నా కొడుకునీ ఇలాగే పెంచాను."

పొట్టు ముక్క ఒకటి ఆమె పెదవికి అంటుకుని ఉంది. నేను చూపు తిప్పుకున్నాను.

"అలాంటి గింజే కుడి ఊపిరితిత్తిలో చిక్కుకున్నట్టుంది. ఈ రోజే నోవీ సాద్ నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తిచ్చి, గొట్టం పంపి తీస్తారు. ఆలస్యమైతే లోపల చీము పడుతుంది."

"దారంతా కారు అద్దాలు దించుకునే పోతుంది నా కోడలు. పిల్లని గడప దాటనివ్వను."

బిసెర్క శాలువా విప్పి పడేసి, పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆసుపత్రివారు తీసినదాన్ని చిన్న సీసాలో వేసి ఇచ్చారు: ఉబ్బిన పప్పు, దాన్ని వదలని పొట్టు. తర్వాత నేను పిల్లను చూడటానికి వెళ్లిన రోజున రదోయ్‌క ఆ సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"ఇది నాది కాదు. నేను శుభ్రంగా ఒలుస్తాను."

ఇస్క్ర కుడివైపు ఊపిరి ఇప్పుడు ఎడమవైపులాగే వినిపిస్తోంది. నేను స్టెతస్కోపు తీస్తుండగానే ఆ ముసలి చెయ్యి ఏప్రాన్ జేబులోకి వెళ్లింది. పిల్ల అలవాటుగా నోరు తెరిచింది.

బిసెర్క అత్త మణికట్టు పట్టుకుని, గింజలన్నీ నేల రాలేదాకా వదల్లేదు. ఆ తర్వాత వెళ్లి కిటికీ తెరిచింది.