కూడితే ఎనిమిది

మహేందర్ కాలు విరగ్గొట్టింది అతని బండి నంబరే. అయిజలో ఈ సంగతి తెలియనివారు లేరు. మూడు, నాలుగు, సున్న, ఒకటి, కూడితే ఎనిమిది. ఎనిమిది శనిది. శని అంకెను మోసుకు తిరిగే బండి మనిషిని ఏదో ఒకనాడు కింద పడేయక మానదని బస్టాండు హోటలు మొదలుకొని మార్కెట్ యార్డు హమాలీల దాకా అందరిదీ ఒకటే మాట.

ఆ లెక్క కట్టినవాడు మహేందర్ మేనమామ నాగప్ప. రాయచూరు వైపు నుంచి మేనల్లుణ్ణి పలకరించడానికి వచ్చి, గోడవార నిలిపిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ల మీద కూడి, "ఎంటు" అన్నాడు. ఆయన పుట్టిన ఊళ్లో ఎనిమిదిని అలాగే అంటారు. ఆయన అంత నిదానంగా అన్న మాట విని అక్కడున్నవాళ్లు నిజంగానే జడుసుకున్నారు.

మహేందర్ మాత్రం జడుసుకోలేదు. అలాగని కాదనీ అనలేదు. కాదనకపోవడానికి అతనికి ఒక కారణం ఉంది. ఆ కారణం అతని తల్లి రాములమ్మ.

ఆ రోజు రాములమ్మ కౌలు పొలంలో పండిన మొక్కజొన్నను, ఆమె మాటల్లో మక్కలను, తారు రోడ్డు మీద ఎండబోసింది. అందరూ పోసేదే. అంచున రాళ్లు పేర్చి, సగం రోడ్డు తనదిగా చేసుకొని, మేకలను అదిలించడానికి కట్టె పట్టుకొని కూర్చుంది. మహేందర్ మార్కెట్ యార్డు నుంచి వస్తున్నాడు. కొనుగోళ్లు లేని రోజుల్లో ఆ యార్డు సిమెంటు గచ్చు మీద బండి ముందు చక్రం గాలిలోకి లేపి నడపడం అతని సరదా. రోడ్డు మీద ఆ పని చేయకూడదన్నది తనకు తాను పెట్టుకున్న నియమం. తల్లి దూరాన కనిపించేసరికి ఆ నియమం తప్పాడు. చక్రం లేపినప్పుడల్లా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది; ఆ నవ్వు కోసం లేపాడు. ముందు చక్రం గాలిలో ఉండగా వెనుక చక్రం గింజల మీదికి వచ్చింది. బేరింగులో గుండు చేసే పనే తారు మీద ఎండిన మొక్కజొన్న గింజ చేస్తుంది. బేరింగుకైతే చుట్టూ గోడ ఉంటుంది, రోడ్డుకు ఉండదు. మహేందర్ కుడి మడమ విరిగింది.

"నా మక్కలే నిన్ను వడగొట్టినయి కొడుకా," అని రాములమ్మ దవాఖానలో మంచం పట్టె పట్టుకొని అన్నది. చాలా రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. నాగప్ప లెక్క కట్టిన నాటి రాత్రి మాత్రం కడుపునిండా తిన్నది. ఆ తరువాత మక్కల మాట ఆమె నోట రాలేదు. తల్లికి అన్నం తినిపించిన అబద్ధాన్ని కొడుకు ఏ నోటితో కాదంటాడు?

బండి అమ్మేశారు. ఏడాదిన్నర గడిచింది. మహేందర్ ఇప్పుడు గద్వాలలో ఒక ల్యాబుకు ఇంటింటికీ తిరిగి రక్తనమూనాలు తెస్తాడు. అయిజ నుంచి బస్సులో వచ్చి, చల్లటి డబ్బా భుజాన వేసుకొని కోట వెనుక సందులన్నీ కాలినడకనే తిరుగుతాడు. మగ్గాల చప్పుడు నడుమ ఎక్కడో ఒక బండి గేరు మారిన శబ్దం వినిపిస్తే చాలు, అతని కుడి పాదం చెప్పులోనే మెల్లగా కిందికి వంగుతుంది. వెనుక బ్రేకు నొక్కే వంపు అది. లేచిన చక్రాన్ని నేలకు దించేది ఆ బ్రేకే. పాదం ఇంకా దాన్ని మరిచిపోలేదు.

చివరికి బండి లేక పని సాగదని ల్యాబువాళ్లు తేల్చి చెప్పారు. నంబరు ఎనిమిది కాకుండా చూసుకోవడానికి రాములమ్మ తానూ షోరూముకు వచ్చింది.

బండ్లు చూపించిన సాయితేజ మాటకారి. "అన్నా, డ్యూటీకైతే గిది," అంటూ నల్లటి బండి సీటు తట్టాడు. "డబ్బా కట్టుకోనీకి వెనక జాగ ఉన్నది. మీ తాతొచ్చినా మంచిగ కూసుంటడు."

"మరి గది?"

మూలన నారింజ రంగుది ఉంది. సన్నటి నడుము, వెడల్పాటి హ్యాండిలు, ఎత్తైన తోక.

"గది ఆగమయ్యేటోళ్లు కొంటరన్నా."

మహేందర్ దాని మీద కూర్చున్నాడు. కుడి పాదాన్ని బ్రేకు మీద ఆనించి నొక్కాడు. సగం దాకా వెళ్లి మడమ మొరాయించింది. ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కాడు. ఈసారి చివరిదాకా దిగింది. అతని కళ్ల ముందు షోరూము లేదు. చక్రం లేచినప్పుడు రోడ్డు కనుమరుగై, రెండు పిడుల మధ్య ఆకాశం ఒక్కటే మిగిలే ఆ అర క్షణం ఉంది. అందులో బరువు ఎక్కడికీ పోదని, వెనుక చక్రం మీదికి జరుగుతుందంతేనని అతనికి తెలుసు. తెలిసినా ఆ అర క్షణం మీద మోజు తగ్గలేదు.

తల్లి చూస్తున్నదని గుర్తుకొచ్చి దిగాడు. నల్ల బండి దగ్గరికి నడిచాడు.

"గిదే రాయి, తమ్మీ."

"ఎందుకు దిగినవ్?" అన్నది రాములమ్మ.

"డబ్బా కట్టుకోవాలె గదమ్మా."

"దానికి కట్టరాదా?"

"కట్టొచ్చు."

"మరేంది?"

సాయితేజ అందుకున్నాడు. "పోనీ పెద్దమ్మా. ఎనిమిది వడ్డ బండి అన్నను ఎట్ల జేసిందో అయిజంత చెప్తది. చక్రం లేపే బండికి మల్ల గదే నంబరు వడితే ఇగ అంతే."

రాములమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. కొడుకు కుడి కాలి వైపు చూసింది.

"చక్రం యాడ లేపుతవ్ రా?"

"యార్డులనే. రోడ్డు మీద లేపనమ్మా."

"యార్డుల గింజలుంటయి గదా."

"ఊడ్చినంకనే."

"నేనే ఊడుస్త," అన్నది. తరువాత సాయితేజ వైపు తిరిగింది. "నారింజదే రాయి నాయనా."

"మరి నంబరు సంగతేంది పెద్దమ్మా?"

"ఏదన్న రానీ. పాత బండికి నంబరు ప్లేటు వచ్చిందని షాపోళ్లు ఫోన్ చేస్తే, మెకానిక్ పాల్‌తోని బండి తోలిచ్చుకొని పోయి నేనే బిగిపిచ్చిన. అప్పటికి వీని కాలికి కట్టు గట్టి ఆరు దినాలు." కొంగుతో మొహం తుడుచుకొని, రోజులు లెక్కపెట్టే మనిషిలా నిదానంగా అన్నది. "వీడు నా మక్కల మీద వడ్డనాడు ఆ బండికి నంబరే లేకుండె."