మూతిగుడ్డ మీద చల్లిన మందు

నేను ఒక ఇన్‌హేలర్‌ని. గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ గూడు, అందులో వేలెడంత రేకు డబ్బా, దాని నిండా ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ మందు. నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. ఫ్యాక్టరీలో ఒక యంత్రం రేకును గుద్ది గుద్ది నాకు ఆకారం తెచ్చింది, రెండోది గ్యాసు కూరింది, మూడోది మెడ విరిగేట్టు మూత బిగించింది. నెత్తిన మొట్టితే తప్ప నోరు విప్పను. అలాంటి మొట్టికాయలు రెండు వందలు తింటే నా ఆయుష్షు తీరిపోతుంది.

గుంటూరు మందుల షాపులో నన్ను కొన్నది రాహేలమ్మ. మిర్చి గోదాములో కాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి. ఎర్రటి రాశిలో తెల్లబారిన తాలుకాయ ఎక్కడున్నా నడుస్తూనే పట్టేసే కళ్ళు ఆమెవి. నోరూ అంత పదునే. ఆ ఘాటులో పదేళ్ళుగా ఉబ్బసంతో నెగ్గుకొస్తోంది.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు నోటితో పీల్చి, నీళ్ళతో పుక్కిలించమని ఛాతీ డాక్టరు చెప్పాడు. రాహేలమ్మ తలూపి వచ్చి తన పద్ధతి తాను నడిపింది. పీల్చేది పీలుస్తూనే, గోదాములోకి వెళ్ళే ముందు తడిగుడ్డ పరిచి, దాని మీద నన్ను ఆరేడుసార్లు కొట్టి, కంటి రెప్పలకు తగిలేట్టు ముఖానికి బిగించేది. మందు ఘాటును గుమ్మంలోనే ఆపేస్తుందని ఆమె నమ్మకం. అదే ముఠాలో కాయలు ఏరే చెల్లెలు ఎస్తేరుకు ఉబ్బసం లేదు, ఉత్త దగ్గే. అయినా ప్రేమకొద్దీ దాని గుడ్డకూ చల్లేది. మూడేళ్ళుగా నాకు ముందొచ్చిన ఇన్‌హేలర్లన్నీ ఆ గుడ్డల పాలే అయ్యాయట. మనుషులకు మందు మీద ఉన్నంత గురి, మందు వాడమని చెప్పినవాడి మాట మీద ఉండదు.

ఒకరోజు ఆమె ఏరించిన సరుకులో తాలు తేలింది. వ్యాపారి బస్తా తన్ని, కాయలు ఆమె కాళ్ళ మీద పారబోసి, కళ్ళు నెత్తికెక్కాయా అని పదిమందిలో తిట్టాడు. ఆమె గుప్పెడు కాయలు తీసి వాడి ముఖాన కొట్టింది. కానీ ఇంటికెళ్ళే దారిలో పక్కనుంచి వచ్చిన రిక్షా బండి కనపడక దాని కిందే పడబోయింది. అప్పుడు భయపడింది. ఆ కళ్ళే పోతే ముఠా ఉండదు, కూడూ ఉండదు.

కంటి డాక్టరు పరీక్ష చేసి, కంట్లో ఒత్తిడి ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉందని, కంటి నరం అప్పుడే కొంత చచ్చి పక్కచూపు తగ్గిందని చెప్పాడు. వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. బీపీ బిళ్ళ తప్ప ఏమీ లేదంది. నేను ఆమె రొంటినే ఉన్నాను. మింగేది కాదు గనుక నేను ఆమె దృష్టిలో మందునే కాదు. పైగా ఉబ్బసమని తెలిస్తే గోదాములోకి రానివ్వరనే బెదురొకటి. ఆయన కంటి చుక్కలు రాసిచ్చాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ చుక్కలు ఊపిరి గొట్టాలను బిగించేస్తాయి.

చుక్కలు వేసుకున్న రెండో రోజే గోదాములో ఉబ్బసం మీద పడింది. రాహేలమ్మ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోయింది. గుడ్డ చింపేసుకుని నన్ను నోట్లో కుక్కుకుని, పళ్ళు నా మూతికి దిగేలా కొరికి, మీద మీద నొక్కింది. నేను రోజూ కాపలా కాసే మందునే గానీ, ఆపదలో క్షణాల మీద ఆదుకునే మందును కాను. నాలో ఉన్నదంతా కక్కినా ఆమెకు గాలి అందలేదు. నన్ను గోడకేసి కొట్టింది. నా గూడు పగిలింది. ఆమె మిర్చిరాశి మీద పడి, గోళ్ళతో కాయలు చీల్చుకుంటూ కొట్టుకుంది. ఎస్తేరు అక్కను జుట్టు పట్టి పైకి లేపి, ఇద్దరు హమాలీల సాయంతో ఆటోలోకి విసిరినట్టే ఎక్కించింది. ఏది పనికొస్తుందో తెలియక నన్నూ చుక్కల సీసానూ ఒళ్ళో వేసుకుని వచ్చింది.

ఆసుపత్రిలో సూదులు, ఆక్సిజన్ పెట్టి ఊపిరి నిలబెట్టారు. తేరుకున్నాక ఛాతీ డాక్టరు నన్నూ సీసానూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, గుడ్డ సంగతంతా రాబట్టాడు. కంటి డాక్టరుకు అక్కడినుంచే ఫోను చేశాడు. ఈ మందు ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుందని, ఆమె దాన్ని నేరుగా కళ్ళ కిందే కట్టుకుందని వివరించాడు.

"అంటే కన్ను కావాలో ఊపిరి కావాలో తేల్చుకోమంటారా?" అంది రాహేలమ్మ.

"రెండూ కావాలమ్మా. మీ అంతట మీరు దీన్ని ఆపేస్తే మళ్ళీ ఇలాగే వస్తారు. చుక్కలు మారుస్తారు. దీన్ని సరిపడేంతకే తగ్గించి, దీని మూతికి గొట్టం తగిలించి నోటితోనే పీల్చాలి. రమ్మన్నప్పుడల్లా వెళ్ళి కంటి ఒత్తిడి చూపించుకోవాలి. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఆ గుడ్డ ఇంకెవరైనా కట్టుకున్నారా?"

ఆమె ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. చేతికున్న సూది పీకి పారేసింది. రక్తం కారుతుండగానే మంచం దిగి, ఎస్తేరు మెడలో వేలాడుతున్న గుడ్డను పట్టి లాగింది. మెడకు ఒరుసుకుని ఎస్తేరు కెవ్వుమంది. రాహేలమ్మ ఆ గుడ్డను పళ్ళతో పట్టి పీలికలు పీలికలు చేసింది. ఎందుకు కట్టించుకున్నావే అని చెల్లెలి చెంప పగలగొట్టింది. నర్సులు పట్టుకోబోతే ఇద్దర్ని తోసింది. కట్టింది తనేనని ఆ గదిలో అందరికంటే బాగా ఆమెకే తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఎస్తేరును కంటి డాక్టరు దగ్గరకు పంపారు. ఆలోగా ఒక ఆయా నన్ను బల్ల మీంచి తుడిచి చెత్తబుట్టలో వేసింది. నా గూడు పగిలింది, డబ్బా ఖాళీ అయింది, ఎవరికీ పనికిరాను. బుట్ట అంచు మీదుగా మంచం కనపడుతోంది.

సాయంత్రం ఎస్తేరు వచ్చి మంచానికి ఎడమ పక్కన నిలబడింది. చెంప ఇంకా వాచే ఉంది. ఒత్తిడి కొంచెం పెరిగిందట, నరానికి దెబ్బ తగల్లేదట, గుడ్డ మానేస్తే చాలావరకు దిగిపోతుందన్నారట.

"నాకేం కాలేదక్కా," అంది.

"ఎస్తేరూ, ఎక్కడున్నావే?" అంటూ రాహేలమ్మ తల పూర్తిగా అటు తిప్పి, చెల్లెలి ముఖం దొరికాక ఏడ్చింది.