చెయ్యి పడిపోయిన డ్రైవరు

సెలూన్‌లో కుర్చీ ఎక్కితే గడ్డం సగం అయ్యేలోపు ఏదో ఒక కథ వినక తప్పదు. సెలూన్ అతనికి కత్తి కన్నా నోరు పదును. ఆ ఉదయం ఎవరో కొత్త మనిషి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, అద్దంలో కనిపిస్తున్న పెద్ద షాపింగ్ కాంప్లెక్సును చూసి, అది ఎప్పుడు కట్టారని అడిగాడు. ఇంకేం, అడ్డుకట్ట తెగింది.

"దాని కింద ఒక పేట ఉండేదండీ. మొత్తం నేలమట్టం చేసి కట్టారు. అందుకే ఆ లిఫ్టు ఒక్కోసారి లేని అంతస్తులో ఆగుతుంది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా సందు, ఇళ్ళు, ఆరేసిన బట్టలు. దిగినవాడు మళ్ళీ రాడు."

"దిగినవాడు రాకపోతే మీకెవరు చెప్పారు?"

"దిగనివాడు చెప్పాడు," అన్నాడు సెలూన్ అతను తడుముకోకుండా. "కింద పార్కింగ్‌లో కుట్టుమిషను చప్పుడు కూడా వినిపిస్తుంది. అక్కడ ఒక టైలరమ్మ ఉండేది. బుల్డోజరు ఇంటి మీదకొస్తుంటే ఎదురెళ్ళి డ్రైవర్ని చూసి 'నీ చెయ్యి పడిపోను' అంది. సాయంత్రానికల్లా వాడి కుడిచెయ్యి ఎండు కట్టె. ఇప్పటికీ పెళ్ళాం తినిపిస్తే తప్ప మెతుకు నోట్లోకి పోదు."

పక్క కుర్చీలో మెడదాకా గుడ్డ కప్పుకుని, గడ్డానికి నురగతో కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ కింద అతని ఎడమచెయ్యి కుడిచేతిని గట్టిగా పట్టుకుంది. కథలో డ్రైవరు అతనే.

జనం బుల్డోజరంటారు గానీ అది పొడుగు చెయ్యున్న తవ్వకం బండి. అప్పటికి అతనికి నిండా పాతికేళ్ళు లేవు. కంపెనీ పంపింది, వెళ్ళాడు. ఆవిడ తిట్టింది నిజం. మర్నాడు అతను జ్వరమని చెప్పి పనిలోకి వెళ్ళని మాటా నిజం. ఆ తర్వాత కంపెనీ వేరే ఊరి పనికి పంపింది. డ్రైవరు కనబడకపోయేసరికి కథ దానంతటదే అల్లుకుపోయింది. కానీ చెయ్యికేమీ కాలేదు. చాలా రోజులు నిద్ర లేవగానే పిడికిలి మూసి తెరిచి చూసుకునేవాడు. బాగానే ఉండేది. ఆ చేత్తోనే ఎన్నో ఊళ్ళలో పునాదులు తవ్వాడు, పిల్లల్ని పెంచాడు, ఇప్పుడు మెషీన్ యార్డులో కొత్తవాళ్ళకు బండి నేర్పుతున్నాడు. కథ విన్న ప్రతిసారీ తను ఎవరి దగ్గరో ఏదో కాజేసి తప్పించుకు తిరుగుతున్నట్టు ఉండేది. "వాడు నేనే" అని ఒక్కసారీ అనలేకపోయాడు.

యార్డులో మాత్రం ఒకరిద్దరికి తెలుసు. ఆ వారమే షెడ్డుకు వైరింగు మార్చడానికి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతను నిచ్చెన మీదుండగా తోటి ఆపరేటరు సరదాకి, "చెయ్యి పడిపోయిన డ్రైవరు కథ విన్నావా? ఇదిగో, వీడే. చూడు ఆ చెయ్యి, నాలుగు రొట్టెలు ఎక్కువే లాగిస్తుంది," అన్నాడు.

ఎలక్ట్రీషియన్ నవ్వలేదు. టెస్టరు జేబులో పెట్టుకుని మెల్లగా దిగాడు. డ్రైవరు చేతివంక చాలాసేపు చూశాడు.

"మీరు నిజంగా ఆయనేనా?"

డ్రైవరు తలూపాడు.

"ఆ టైలరమ్మ మా అమ్మండీ."

ఆవిడ ఏమైందో డ్రైవరు ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు. అడగాలంటే భయం.

"ఉన్నారా?" అన్నాడు చివరికి.

"ఉంది. ఒంట్లో బాగుండట్లేదు. మీ చెయ్యి పోయిందని ఎవరు చెప్పారో గానీ అప్పట్నుంచీ అదే బెంగ. తింటూ తింటూ ఆగిపోతుంది. 'ఆ పిల్లాడు ఎలా తింటున్నాడో' అంటుంది. పొట్టకూటికి వచ్చినవాణ్ణి నాశనం చేశానని ఒకటే గొణుగుడు. అదంతా పుకారని నేనంటే వినదు. ఒక్కసారి వచ్చి కనబడండి."

"ఆవిడకి ఏ ముఖం పెట్టుకుని కనబడను బాబూ?"

"ముఖం సంగతి వదిలెయ్యండి. చెయ్యి చూపిస్తే చాలు."

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. వద్దంటుందేమోనని లోపల ఒక ఆశ. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండానే, "వెళ్ళిరా. ఇన్నేళ్ళూ నిద్రలో పిడికిలి బిగిస్తావు. ఎందుకని నేనెప్పుడైనా అడిగానా?" అంది.

పేట ఖాళీ చేయించినప్పుడు కొందరికి ఊరి చివర నాలుగంతస్తుల బ్లాకుల్లో గదులిచ్చారు. ఎలక్ట్రీషియన్ వాళ్ళది రెండో అంతస్తు. మెట్ల గోడలకు భుజాలు రాసుకుని నల్లటి చార పడింది. ముందు గదిలో వైరు చుట్టలు, పాత ఫ్యాను మోటార్లు. లోపలి గదిలో కిటికీ పక్క మంచం మీద ముసలావిడ గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. ఒడిలో చొక్కా, చేతిలో సూది. బొత్తాం కుడుతోంది.

"అమ్మా, ఎవరొచ్చారో చూడు," అన్నాడు కొడుకు. విషయం చెప్పాడు.

డ్రైవరు కుడిచెయ్యి ముందుకు చాపాడు. బడిలో గోళ్ళు చూపించే పిల్లాడిలా అరచెయ్యి చూపి, తిప్పి మళ్ళీ చూపాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చేతిని చూసింది, ముఖాన్ని చూసింది. సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఇతను కాదు."

"అమ్మా..."

"నాకు తెలీదా? అతను బక్కపల్చటి కుర్రాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. నన్ను ఊరడించడానికి ఎవర్నో పట్టుకొచ్చావు."

"అప్పుడు బక్కగానే ఉండేవాణ్ణమ్మా," అన్నాడు డ్రైవరు. "ఇప్పుడు తాతనయ్యాను."

"అయితే చెప్పు. మా ఇంటి తలుపు ఏ రంగు?"

"తలుపు లేదమ్మా. నేనొచ్చేసరికే ఊడదీసేశారు. గుమ్మానికి పాత చీర కట్టి ఉంది. మీరు అడ్డం కట్టిన తాడు దాటి పరుగెత్తుకొచ్చారు. బండికి అడ్డంగా నిలబడ్డారు. ఇద్దరు ఆడపోలీసులు మిమ్మల్ని చెరో రెక్కా పట్టి లాగారు. అప్పుడన్నారు ఆ మాట."

"అది ఊరంతా చూసింది. ఊరంతా చెప్పుకుంది. నువ్వూ వినుంటావు."

ఆవిడ మొండిగా గోడవైపు తిరిగింది. డ్రైవరు కొడుకువైపు చూశాడు. కొడుకు, ఇంకేమైనా చెప్పమన్నట్టు సైగ చేశాడు. అప్పటిదాకా డ్రైవరు చెయ్యి చూపించి వెళ్ళిపోవచ్చనుకున్నాడు. ఇప్పుడు ఆవిడ నమ్మాలంటే, ఆ ఇంటిని తను ఎలా పడగొట్టాడో ఆవిడ ముందే పూసగుచ్చినట్టు చెప్పాలి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముందు గది గోడ మొదట పడిందమ్మా. బండి బకెట్టు ఆనించి కొంచెం నెట్టానో లేదో ఒరిగిపోయింది. లోపల గోడకు ఆకుపచ్చ సున్నం. దాని మీద ఎవరో పిల్లాడు బొగ్గుతో రైలు గీశాడు. ఇంజనుకు కళ్ళు కూడా పెట్టాడు."

"అది నేనే," అన్నాడు కొడుకు మెల్లగా.

ముసలావిడ కదల్లేదు. కానీ వింటోందని తెలుస్తోంది.

"రైలున్న గోడ తర్వాత పడింది. ఆ దుమ్ములో కింద ఉన్నవాళ్ళకేమీ కనబడలేదు. నేను ఎత్తులో ఉన్నాను కాబట్టి నాకు కనబడింది. వెనక గదిలో, కిటికీ దగ్గర కుట్టుమిషనుంది. సూది కింద నీలం గుడ్డ. పిల్లల గౌను అనుకుంటా. ఒక చెయ్యి కుట్టారు, రెండోది ఇంకా కుట్టలేదు."

ఆవిడ ఇటు తిరిగింది.

డ్రైవరు ఆవిడ ముఖంలోకి చూడలేక తన మోకాళ్ళవంక చూస్తూ చెప్పుకుపోయాడు. "ఇళ్ళన్నీ ఖాళీ అని మాకు చెప్పారు. మిషను చూసి ఆగానమ్మా, అబద్ధమెందుకు. సూపర్‌వైజరు కింద నుంచి కానివ్వమని చెయ్యూపాడు. దిగి, లోపల సామానుందని చెప్పొచ్చు. ఇద్దరు మనుషులు మోసే బరువు. నేను దిగలేదు. దిగితే జనం మీద పడతారని భయపడ్డానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి అది కూడా కాదేమో. తొందరగా అయిపోతే బాగుండుననిపించింది, అంతే. బకెట్టు దించేశాను. మీరు తిట్టిన తిట్టుకు కాదమ్మా నాకు నిద్ర పట్టనిది, దీనికి."

అంతా చెప్పాక గుండె కాస్త తేలికపడుతుందేమోనని చూసుకున్నాడు. పడలేదు. తలెత్తితే, కొడుకు ముఖం పాలిపోయి ఉంది.

"మిషను లోపలే ఉందా?" అంది ముసలావిడ.

"ఉందమ్మా."

"ఎవరూ తియ్యలేదా?"

"లేదు. అది విరిగిన చప్పుడు నాకు తెలుసు."

ఆవిడ గొంతులో చిన్న శబ్దం వచ్చింది. కొడుకు వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. సంగతి అతనే చెప్పాడు. ఆ ఉదయం తను చిన్నపిల్లాడు, జ్వరంతో ఉన్నాడు. అమ్మ తనను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పోతూ, సామాను బయటికి చేర్చే పని పిన్నికి అప్పగించింది. పిన్నంటే నాన్న తమ్ముడి భార్య, ముసలావిడకు తోటికోడలు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. మిషను ఒక్కదాన్నే మొయ్యలేక మనిషి సాయం కోసం బయటికొచ్చానని, తిరిగి వెళ్ళేలోపు పోలీసులు అడ్డంగా తాళ్ళు కట్టేసి లోపలికి పోనివ్వలేదని పిన్ని చెప్పింది. అమ్మ నమ్మలేదు. పిన్ని ఏదో బరువైనది తోపుడుబండి మీద తీసుకెళ్తుంటే చూశామని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని, కొత్త బ్లాకుల్లో అందరూ చూస్తుండగా పిన్నిని దొంగ అంది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"ఆ గౌను దాని కూతురికే కుడుతున్నా," అంది ముసలావిడ.

"ఆవిడ ఇప్పుడు..." అన్నాడు డ్రైవరు.

"కిందటేడు పోయింది. ఇక్కడే, వెనక బ్లాకులో. ఈ కిటికీలోంచి కనబడుతుంది. నేను చూడ్డానికి కూడా వెళ్ళలేదు."

పైఇంట్లో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. ఆవిడ చెయ్యి చాపి డ్రైవరు చేతిని తీసుకుంది. కొలత తీస్తున్నట్టు ఒక్కో వేలూ పట్టి వంచి చూసింది.

"బాగానే ఉంది," అంది. చెయ్యి వదిలేసింది. "నీకేం కాలేదు. నేనన్న మాటలన్నీ దానికే తగిలాయి."

తర్వాత మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. కొడుకు ఎక్కడికని అడిగితే సమాధానం చెప్పకుండా డ్రైవరును చూసి, "నువ్వు కూడా రా. నేను చెబితే దాని కూతురు నమ్మదు. నేనెందుకు నమ్మాలి అంటుంది. అనాలి కూడా," అంది.

డ్రైవరుకు ఇంకోసారి ఆ సంగతంతా చెప్పడం కన్నా నాలుగో అంతస్తు నుంచి దూకడం సులువనిపించింది. అయినా ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

తోటికోడలి కూతురికి వెనక బ్లాకు కింద గదిలో జిరాక్సు షాపు ఉంది. ఎవరివో పాఠాల కాగితాలు కాపీలు తీస్తోంది. పెద్దమ్మను గడప దగ్గర చూసి చెయ్యి ఆగింది గానీ, రమ్మనలేదు, పొమ్మనలేదు. డ్రైవరు నిలబడే అంతా చెప్పాడు. ఆకుపచ్చ గోడ, మిషను, నీలం గుడ్డ, తను ఆగడం, ఆగి దిగకపోవడం. రెండోసారి చెప్పేటప్పుడు మాటలు ఇంకా బరువెక్కాయి. ఆమె వింటూనే కాగితాలు మారుస్తోంది. మూత కింద వెలుగు అటూ ఇటూ పోతోంది.

చెప్పడం అయ్యాక ఆమె జిరాక్సు మిషన్ ఆపింది.

"మా అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టనివ్వలేదు, తెలుసా పెద్దమ్మా? నాకు నేర్చుకోవాలని ఎంత సరదాగా ఉండేదో. ఎవరైనా చూస్తే అదేననుకుంటారు అనేది. నా బట్టలన్నీ చేత్తోనే కుట్టింది. కళ్ళు కనబడకపోయినా చేత్తోనే."

"నన్ను తిట్టవే," అంది ముసలావిడ.

"తిట్టి ఏం చేసుకోను? ఇది వినాల్సిన మనిషి లేదు." ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "మీరు ఎత్తులో ఉన్నారు కదా. అన్నీ కనబడ్డాయి కదా. తాడు దగ్గర మా అమ్మ పోలీసులతో పోట్లాడుతుండాలి, లోపలికి వెళ్ళనివ్వమని. పొట్టిగా ఉంటుంది. అరిచి అరిచి గొంతు పోయిందని చెప్పేది. చూశారా?"

అవుననడానికి డ్రైవరు నోరు తెరిచాడు. ఒక్క మాట. చూశానమ్మా, పొట్టిగా ఒకావిడ, చాలా అరిచింది, అంటే చాలు. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ దాచుకుంటుంది. పేట గురించి జనం ఇన్ని కథలు చెప్పుకుంటున్నారు, ఇంకొకటి కలిస్తే ఎవరికి నష్టం? ముసలావిడ కూడా అతని నోటివంకే చూస్తోంది.

"గుర్తులేదమ్మా," అన్నాడు. "నేను జనంవైపు చూడలేదు. చూడకూడదనే చూడలేదు."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసి తలూపింది. ఎవరో కాపీల కోసం వచ్చి గడపలో నిలబడ్డారు. ఆమె కాగితాలు అందుకుని, కాలితో ఒక ప్లాస్టిక్ కుర్చీని పెద్దమ్మ వైపు జరిపింది. ముసలావిడ కూర్చుంది. డ్రైవరుతో ఎవరూ ఏమీ అనలేదు. కొంచెంసేపు నిలబడి, వచ్చేశాడు.

తర్వాత ఒకరోజు మిగిలిన వైరింగు పూర్తిచేయడానికి ఎలక్ట్రీషియన్ యార్డుకొచ్చాడు. అమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ షాపులోనే కూర్చుంటోందని, కాగితాలు సర్ది పిన్నులు కొట్టి ఇస్తోందని చెప్పాడు. చెల్లెలు పెద్దగా మాట్లాడదు గానీ అన్నం టైముకు ఇంటికి పంపకుండా అక్కడే పెడుతోందట.

"తింటున్నారా?" అన్నాడు డ్రైవరు.

"తింటోంది."

డ్రైవరే మళ్ళీ అడిగాడు. "నా గురించేమైనా అంటారా?"

"ఏమీ అనదండీ."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. నేర్చుకునే కుర్రాళ్ళు బండి దగ్గర ఎదురుచూస్తున్నారు. తాళంచెవి తీసుకుని అటు నడిచాడు.