గెంతులు

చిన్నకోడలు గీసిన అక్షరాలకి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు 'గెంతులు'. తలకట్టు టోపీలా పక్కకి ఒరిగుంటుంది. వత్తులు తోకలాడిస్తుంటాయి. ఏ రెండక్షరాలూ బుద్ధిగా ఒక వరుసలో నిలబడితే ఒట్టు! రెండేళ్లు నడుం పడిపోయేలా కూర్చుని, బ్రష్షుతో గీసి, కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటు చేసింది. ఇన్నాళ్లూ అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు ఏకంగా పెద్దాసుపత్రివాళ్లు బోర్డులన్నీ అందులోనే కావాలన్నారు. ఇక ఆమె కాళ్లు నేలమీద నిలుస్తాయా?

తోటికోడలు అదే ఆసుపత్రిలో నర్సు. "ముద్దుగానే ఉన్నాయే పిల్లా, కానీ కంగారుగా పరిగెత్తుకొచ్చేవాళ్లు చదవగలరంటావా?" అంది.

"పరీక్ష పెడదాం అక్కా."

ఆ ఇంటి పరీక్ష ఎప్పుడూ ఒకటే. కాగితం వరండా ఆ చివర అంటించి, అత్తగారి కళ్లజోడు లాక్కుని, ఈ చివరనుంచి చదివించడం. అత్తగారు గడగడా చదివి పారేసింది. "అత్యవసర విభాగం. ఎక్స్‌రే. మందులు. అయిందా? ఇక నా కళ్లజోడు ఇటు పడెయ్."

చిన్నకోడలు తోటికోడలి వంక చూసి కళ్లెగరేసింది. ఉప్పుడబ్బా మొదలు బాత్రూం తలుపు దాకా రెండేళ్లుగా ఆ ఇంట్లో అన్నిటిమీదా ఆ అక్షరాలే ఉన్నాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. అత్తగారు వాటిని చదవడం ఎప్పుడో మానేసింది. తెలిసినవాళ్ల మొహాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేస్తోంది, అంతే.

మొదటి బోర్డు బిగించిన పొద్దున చిన్నకోడలు దాని కిందే నిలబడింది. ఒక పెద్దాయన కాలు విరిగిన మనవరాలిని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. చదువుకున్నవాడే, జేబులో పెన్నుంది. బోర్డుని పైకీ కిందకీ చూశాడు. పిల్ల కెవ్వున ఏడుస్తోంది.

"బొమ్మలు బాగున్నాయమ్మా," అన్నాడు రొప్పుతూ. "డాక్టరెక్కడ?"

ఆమె వాళ్లని లోపలికి తీసుకెళ్లి వదిలి, తిన్నగా వచ్చి నిచ్చెనెక్కింది. "ఛీ, నా సంబరం తగలెయ్య!" అంటూ బోర్డు తనే ఊడదీసింది.

"ఆర్డరు పోతుందమ్మా, తెలుసా?" అన్నాడు సూపరింటెండెంటు.

"పోనివ్వండి సార్. నిటారుగా నిలబడే అక్షరాలు పెట్టించండి, ఎవరివైనా సరే." అనైతే అంది గానీ, క్యాంటీన్లో ఓ మూల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. రెండేళ్ల కష్టం మరి.

తోటికోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏడుపాపి నాతో రా."

పిల్లల వార్డుకి తీసుకెళ్లింది. పొద్దుటి పిల్లే, కాలికి కట్టు కట్టించుకుని, వెల్లకిలా పడుకుని తెల్లటి సీలింగు చూస్తోంది.

"మూడు వారాలు కదలకూడదు. ఇక్కడెవరూ పరిగెత్తరే," అంది తోటికోడలు.

నాలుగో రోజుకల్లా సీలింగు మీదికి గెంతులు ఎక్కాయి. పిల్ల వేలితో గాల్లో దిద్దుకుంటూ కూడబలుక్కుంటోంది. "ఏ... ను... గు... కి..."

పక్కన పెద్దాయన తల పైకెత్తి కళ్లు చికిలించాడు. "ఎక్కిళ్లు..."

"తాతా, నువ్వు చెప్పెయ్యకు!" పిల్ల గయ్యిమంది. "నేనే చదువుతా. నాకేం తొందర లేదు."