గులాబీ రంగు ఉప్పు

"ఇది తిని మీ కాళ్లు మళ్లీ పొంగితే నేనెవరితో చెప్పుకోను?" అన్నాను, ప్యాకెట్టు ఇంకా విప్పకముందే.

మా ఆయన నవ్వారు. "పొంగితే పెద్ద చెప్పులు కొనుక్కుందాం. ముందు విప్పవే. మూడు నెలలుగా గడ్డి తింటున్నాను."

ఆయన గుండె నీరసపడిందనీ, ఉప్పు రోజుకి అరచెంచా దాటకూడదనీ డాక్టరు చెప్పారు. అప్పటినుంచీ నేను అరచెంచా కొలిచి, భయమేసి అందులో సగం మళ్లీ డబ్బాలో పోసేసేదాన్ని. ఈ కొత్త ప్యాకెట్టు తెచ్చింది మా అమ్మాయి. సూపర్ మార్కెట్లో బల్ల వేసుకుని, వచ్చినవాళ్లకి ఉప్పు రుచి చూపించి అమ్మే ఉద్యోగంలో చేరి అప్పటికి వారమే.

"మామూలు ఉప్పు కాదమ్మా, కొండల్లో తవ్వి తీసింది. సోడియం చాలా తక్కువట. నాన్నకి ఇదే వెయ్యి" అంది.

డిగ్రీ చదివిన పిల్ల. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఒక గులాబీ రంగు పలుకు నోట్లో వేసుకుంటే నిజంగానే అంత ఉప్పగా లేదు. తక్కువే కదా అని చెంచాన్నర వెయ్యడం మొదలుపెట్టాను. ఆయన గిన్నె ఊడ్చుకుని తిన్నారు. నేను ఊరుకున్నానా? పక్కింటావిడకి కూడా గొప్పగా చెప్పి రెండు ప్యాకెట్లు తెప్పించిపెట్టాను.

నెల తిరిగేసరికి ఒకరోజు ఆయన మేజోళ్లు విప్పుతుంటే చూశాను. చీలమండ కనబడలేదు. వేలితో నొక్కితే గుంట పడింది, పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. మెట్టెక్కితే ఆయాసం. ఆటోలో దారంతా నేను అనుకోని చెడు లేదు.

ఆసుపత్రిలో ఆయన్ని మంచమెక్కించి, సూదిమందు ఇచ్చి, నర్సు నావైపు తిరిగింది. "ఉప్పు తగ్గించారా?"

"తగ్గించడమేంటమ్మా, ఉప్పే మార్చేశాను!" అంటూ, ఆసుపత్రి తిండిలో వెయ్యడానికని సంచిలో పడేసుకొచ్చిన ప్యాకెట్టు తీసిచ్చాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

నర్సు దాన్ని వెనక్కి తిప్పి చిన్న అక్షరాలమీద వేలు పెట్టింది. "నూరు గ్రాముల్లో ముప్పై ఎనిమిది గ్రాములు సోడియం. మీ పాత ఉప్పులోనూ ఇంచుమించు ఇంతే. సముద్రందైనా, కొండదైనా, నల్లదైనా పెద్ద తేడా ఉండదు. పలుకు పెద్దది కాబట్టి నాలుకమీద నెమ్మదిగా కరుగుతుంది, తక్కువనిపిస్తుంది. లోపలికి వెళ్లాక కరక్కుండా ఉంటుందా? ఇంతకీ ఎంత వేస్తున్నారు?"

చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆపి నాకేసి చూసింది. "ఇంకో వారం ఆగుంటే ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చేదండీ."

నా చేత్తోనే కదా వేశాను! ఆ చేతిని చూసుకుంటే నాకే రోత పుట్టింది. ఆసుపత్రి కుళాయి కింద రెండుసార్లు కడుక్కున్నాను. మా అమ్మాయిని తల్చుకుంటే మటుకు, పాపం దాన్నీ మోసం చేసుంటారు, దానికేం తెలుసు, అనుకున్నాను. అనుకున్నానే గానీ మనసు నిలవలేదు. ఆయన కాస్త కునుకు తీయగానే సరాసరి సూపర్ మార్కెట్టుకి నడిచాను.

బల్ల ముందు ఏడెనిమిదిమంది వరుసలో ఉన్నారు. నేనూ నిలబడ్డాను. మా అమ్మాయి గులాబీ రంగు టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ల ఎడమ అరచేతిలో మెత్తటి ఉప్పు, కుడి అరచేతిలో గులాబీ పలుకులు పోస్తోంది. పెద్దపెద్దవాళ్లు కుక్కపిల్లల్లా అరచేతులు నాకుతున్నారు. ఎంగిలి చేతులు బల్లమీది గుడ్డకే తుడుస్తున్నారు. ఆ గుడ్డ తడిసి అట్టకట్టింది. చెత్తబుట్టలో ఉమ్మిన కాగితాలు.

నా ముందు ఒక ముసలాయన. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి.

"ఏది ఎక్కువ ఉప్పగా ఉంది, బాబాయిగారూ?"

"ఎడమచేతిదమ్మా."

"చూశారా! అదే సోడియమంటే. ఇందులో లేదు కాబట్టే కమ్మగా ఉంది. మీ గుండె మీకు దండం పెడుతుంది."

ఆయన మురిసిపోయి మూడు ప్యాకెట్లు బుట్టలో వేసుకున్నాడు.

నా వంతొచ్చింది. రెండు చేతులూ చాపాను. అది తలెత్తకుండానే రెండింట్లోనూ పోసి, అప్పుడు చూసింది.

"అమ్మా! ఇక్కడికెందుకొచ్చావ్? మా సూపర్‌వైజర్ చూస్తున్నాడు."

"నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. కాళ్లు పొంగిపోయాయి. ఈ రెండు ఉప్పులూ ఒకటేనటగా. నీకు తెలుసా?"

చెయ్యి నోటికి వెళ్లింది దానికి. "నాన్నకెలా ఉంది?"

"బానే ఉన్నారు, పడుకున్నారు. అడిగిందానికి చెప్పు. తెలుసా, తెలీదా?"

అది ప్యాకెట్లు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. వెనకావిడ విసుక్కుంది: "ఏమండీ, కొంటారా, ముచ్చట్లా? ఇంటికెళ్లి మాట్లాడుకోండి." సూపర్‌వైజర్ కాబోలు, ఫోను జేబులో పెట్టి ఇటే బయల్దేరాడు. అతను కనబడగానే నా కూతురి మొహంమీదికి అమ్మకం నవ్వొచ్చి అతుక్కుంది. కళ్లు చూస్తే ఏడుపు, పెదాలు చూస్తే నవ్వు. కన్నబిడ్డ మొహం చూసి అసహ్యమెయ్యడం నా జన్మలో అదే మొదలు. అరచేతుల్లో ఉప్పు నా చెమటకి కరిగి, వేళ్ల సందుల్లోంచి జిగటగా కారుతోంది. నేను చేతులు దించలేదు. తెలీదు అంటుందేమో, ఆ ఒక్క మాటా అంటే చాలు, పట్టుకుని ఇంటికి తీసుకుపోదామని చూస్తూ నిలబడ్డాను.

టోపీ తీసి బల్లమీద పెట్టింది.

"మూడు వారాలైందమ్మా తెలిసి. ఇంట్లో నీకు చెప్పేస్తే, తెల్లారి ఇక్కడ వీళ్లకి ఈ అబద్ధం చెప్పడానికి నోరు రాదనుకున్నాను."