వాపసు వచ్చిన టోపీలు

కువెంకా నగరంలో స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది చదువుతున్న యాదిరా కిష్పికి పట్టా చేతికి రావాలంటే, ఏదైనా సంస్థలో రెండు వందల నలభై గంటలు పనిచేసినట్టు కాగితం కావాలి. తోటివాళ్లు మామయ్యల పలుకుబడితో బ్యాంకుల్లో చేరిపోయారు. యాదిరాకు అలాంటి మామయ్యలు లేరు.

ఒకరోజు ఆమె గడ్డి టోపీల కంపెనీ ముందున్న దుకాణంలోకి వెళ్లింది. విదేశాల నుంచి తిరిగొచ్చిన టోపీలను అక్కడొక గంపలో వేసి చవగ్గా అమ్ముతున్నారు. ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. లోపల వేసిన నాణ్యత అంకె ఒకటే, నేత మాత్రం ఒకటి సన్నం, ఒకటి ముతక. ముప్ఫై టోపీల వివరాలు రాసుకుంది.

కంపెనీ గేటు దగ్గర ఖాళీలు లేవని రెండుసార్లు పంపేశారు. మూడోసారి యజమాని ఓమెరో వింతిమిల్యా లోపలికి పిలిచాడు.

"లెక్కల పిల్లకి ఇక్కడ పనేముందమ్మా? మాకు శిక్షణలూ అవీ లేవు."

"లేవని తెలుసండీ. అందుకే నేనే ఒకటి తయారుచేసుకొచ్చాను." ఆమె ఒక్క పేజీ కాగితం బల్లమీద పెట్టింది. "టోపీలు ఎందుకు తిరిగొస్తున్నాయో ఎనిమిది వారాల్లో చెబుతాను. జీతం వద్దు. గంటలకు మీ సంతకం చాలు."

"తిరిగి రావడం వ్యాపారంలో మామూలే."

"అన్నీ అంకెకూ నేతకూ పొంతన లేకుండా రావడం మామూలు కాదు కదండీ."

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, సోమవారం రమ్మన్నాడు.

టోపీలకు అంకె వేసేది రొసౌరా. ముప్ఫై నాలుగేళ్లుగా బొటనవేలు ఆనించి, ఆ వెడల్పులో ఎన్ని గడ్డి పోగులున్నాయో లెక్కపెట్టి అంకె వేస్తోంది. యాదిరాను చూసి పక్కవాళ్లతో, "మన తప్పులెన్నడానికి యూనివర్సిటీ నుంచి దిగిందమ్మా మహారాణి," అంది. అయినా మధ్యాహ్నం తన ఉడికించిన మక్కగింజల్లో సగం ఆ పిల్ల ముందుకు తోసింది.

రొసౌరా అంకె వేసిన ప్రతి టోపీకీ యాదిరా రోజు, గంట రాసుకుని, తర్వాత తానే భూతద్దంతో పోగులు లెక్కపెట్టింది. అయిదో వారానికి సంగతి తేలింది. పొద్దున తప్పులు దాదాపు లేవు. మధ్యాహ్నం మూడు దాటాక పెరుగుతున్నాయి. జనవరిలో పక్కన లేచిన గోదాము, సాయంత్రం వెలుతురొచ్చే పడమటి కిటికీని మూసేసింది.

ఆ పట్టికను ఆమె ముందు రొసౌరాకే చూపించింది.

"నా కళ్లు పోయాయని రాస్తావా?"

"కళ్ల లెక్క నా దగ్గర లేదు పెద్దమ్మా. వెలుతురు లెక్కే ఉంది. కావాలంటే పరీక్షించి చూద్దాం."

సాయంత్రం నాలుగింటికి రొసౌరా వంద టోపీలకు గదిలో అంకె వేసింది. మర్నాడు అదే వేళకు అవే టోపీలకు పెరట్లో వేసింది. గదిలో పంతొమ్మిది తప్పులు, పెరట్లో ఆరు.

"ఆ ఆరూ వెలుతురువి కావు," అంది రొసౌరా.

"అవి రాయనా?"

"రాయి. సగం రాస్తే అదేం లెక్క."

ఓమెరో నివేదిక చదివి బల్లను పెరటి వసారాలోకి మార్పించాడు. రొసౌరాను కంటి డాక్టరుకు చూపించారు. ఒక కంటికి శుక్లం మొదలైందని తేలింది. ఆపరేషన్ అయ్యేదాకా సాయంత్రాలు ఇంకొకామె అంకె వేసింది. మొదట్లో రొసౌరా ఆమెతో మాట్లాడేది కాదు, తర్వాత మాట్లాడింది.

ఆఖరి రోజు సంతకం పెట్టబోతూ ఓమెరో కలం ఆపాడు.

"ఏ విభాగమని రాయమంటావు?"

యాదిరా ఆ సంగతి ఆలోచించలేదు. ఆయనే 'నాణ్యత విభాగం' అని రాశాడు. ఆ కంపెనీలో అలాంటి విభాగం అప్పటిదాకా లేదు.

ఆమెకు అక్కడ ఉద్యోగం ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. పట్టా అందాక గుయాకిల్‌లో రొయ్యలు ఎగుమతి చేసే చోట చేరింది. మరుసటేడు విద్యార్థుల శిక్షణకు యూనివర్సిటీ వేసిన జాబితాలో టోపీల కంపెనీ పేరు కూడా కనిపించింది: రెండు ఖాళీలు, దరఖాస్తుకు ఆఖరి తేదీ మార్చి పది.